నాన్న నన్ను మొదటిసారి చూసేసరికి నాకు నాలుగు నెలలు

ఈ వారం గెస్ట్ ఎవరూ లేరు. మా నాన్న గురించి నేనే మాట్లాడతాను. ఆయన పోయి రెండు నెలలైంది. మధ్యలో గొంతు పట్టేస్తే కాస్త ఓర్చుకోండి.

నాన్నది శ్రీకాకుళం దగ్గర పల్లె. 18 ఏళ్ళకే నేవీలో చేరారు. ఆఫీసర్ కాదు, సెయిలర్. 24 ఏళ్ళ సర్వీసు, అందులో ఎక్కువ కాలం సబ్‌మెరైన్లలోనే. విశాఖ ఆర్కే బీచ్‌లో ఉన్న కుర్సురా మీలో చాలామంది చూసే ఉంటారు, కనీసం రీల్స్‌లో. సోవియట్ యూనియన్‌లో తయారైంది. 1969లో మన నేవీలోకి వచ్చింది, 2001లో రిటైరైంది, 2002 నుంచి మ్యూజియం. నాన్న పనిచేసింది అలాంటి వాటిల్లోనే.

పొడవు 91 మీటర్లు. వినడానికి పెద్దదే. కానీ ఇంజన్లు, బ్యాటరీలు, టార్పెడోలు పోగా మిగిలిన సందుల్లో 70 మందికి పైగా బతకాలి. నీళ్ళ కింద బ్యాటరీల మీదే నడుస్తుంది. అవి తగ్గిపోతే పైకి వచ్చి, గాలి తీసుకుని, డీజిల్ ఇంజన్లతో ఛార్జ్ చేసుకోవాలి. మన ఫోన్ కష్టాలే అనుకోండి, కాకపోతే ఛార్జింగ్ పెట్టినప్పుడే శత్రువుకి దొరికిపోయే భయం. మంచినీళ్ళు తాగడానికి, వంటకి. స్నానం ఊసే ఉండదు.

అందుకే కాబోలు, రిటైరయ్యాక కూడా నాన్న ఒకటిన్నర చెంబుతో స్నానం ముగించేసేవారు. గాజువాకలో సొంతిల్లు, బోరు నిండా నీళ్ళు, అయినా అంతే. "ఇది ఇల్లండీ, మీ ఓడ కాదు" అనేది అమ్మ.

నేను పుట్టినప్పుడు నాన్న సముద్రంలో ఉన్నారు. ఎక్కడో అమ్మకి కూడా తెలీదు, చెప్పరు. నన్ను చూసేసరికి నాలుగు నెలలు. మూడేళ్ళప్పుడు ఆయన సెలవుకొస్తే "ఎవరమ్మా ఈ అంకుల్?" అన్నానట. అందరూ నవ్వారట, నాన్న కూడా. తమ్ముడికి టైఫాయిడ్ వస్తే ఆసుపత్రి చుట్టూ తిరిగింది అమ్మ ఒక్కతే. ఆ కోపం నాలో ఉండిపోయింది. డిగ్రీలో ఉండగా ఏదో గొడవలో "నువ్వెప్పుడున్నావు నాన్నా మాతో?" అనేశాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. ఆదివారం బండి మీద కుర్సురాకి తీసుకెళ్ళారు.

ఆ గుండ్రటి హ్యాచ్‌లలోంచి నేను తల కొట్టుకుంటూ, ఆయన సునాయాసంగా దూరిపోతూ వెళ్ళాం. ఒక బంక్ దగ్గర ఆగారు. "ఇలాంటి దాంట్లోనే పడుకునేవాణ్ణమ్మా. నేను వాచ్‌కి లేస్తే ఇంకొకడొచ్చి పడుకునేవాడు. కళ్ళు మూసుకుని నీ ముఖం గుర్తుచేసుకునేవాణ్ణి. సరిగ్గా వచ్చేది కాదు. చూసి నెలలైపోయేది కదా" అన్నారు. అంతే. సారీ చెప్పలేదు, నేను అడగలేదు.

కోపం ఆ రోజే పోయిందంటే అబద్ధం. అమ్మ పడ్డ కష్టం ఎక్కడికీ పోదు కదా. కానీ మా బాబు పుట్టిన రాత్రి, ఆసుపత్రి వరండాలో కుర్చీ వేసుకుని తెల్లారేదాకా కూర్చున్నారు నాన్న. ఇంటికెళ్ళి పడుకోమంటే "నా వాచ్ ఇంకా అవలేదు" అన్నారట నర్సుతో. పురిటి నీళ్ళ వాసన పోకముందే వాణ్ణి ఎత్తుకున్నారు.

మీరు కుర్సురాకి వెళ్తే పెరిస్కోప్ దగ్గర సెల్ఫీ తీసుకోండి, తప్పేం లేదు. అక్కడ గైడ్లలో రిటైరైన నేవీవాళ్ళు ఉంటారు. టార్పెడోల గురించి అందరూ అడుగుతారు. మీరు మాత్రం "ఇంటికి ఎన్నాళ్ళకి వెళ్ళేవారండీ?" అని అడగండి. చెప్పడం మొదలుపెడితే టైం చూసుకోకుండా వినండి.

ఉంటాను. వచ్చే వారం కలుద్దాం.