మన దుకాణంలో సరుకు లెక్క - డ్రోను మాట
(సమాఖ్య వార్షిక మహాసభలో దుకాణం కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పోయిన జనరల్ బాడీలో ఒక చెల్లెలు లేచి, "పొలంలో మందు కొట్టే డ్రోన్లు సంఘాలకి ఇస్తున్నారంట గదా, అది దుకాణంలో తిప్పితే సరుకు లెక్క తేలదా?" అని అడిగింది. అందరం నవ్వాం. ఇంటికెళ్ళాక ఆలోచిస్తే అది నవ్వాల్సిన మాట కాదనిపించింది. అందుకే కమిటీ వాళ్ళం నాలుగు చోట్ల కనుక్కొని వచ్చాం.

ముందు తేడా చెప్పుకుందాం. నమో డ్రోన్ దీదీ పథకంలో వచ్చేది పొలం డ్రోను. 2023 నవంబరులో కేంద్రం 15 వేల మహిళా సంఘాల కోసం 1,261 కోట్లతో దీన్ని ఆమోదించింది. ఖరీదులో 80 శాతం, 8 లక్షలకు మించకుండా సబ్సిడీ. ఒక సభ్యురాలికి 15 రోజుల శిక్షణ. మన మిర్చి, పత్తి చేలకి పనికొస్తుంది. దాన్ని తెచ్చి దుకాణంలో ఎగరేస్తే ఆ గాలికి కారం పొడంతా మన కళ్ళల్లోనే పడుద్ది.

సరుకు లెక్కేసే డ్రోన్లు వేరే, చిన్నవి. అమెరికాలో వాల్‌మార్ట్ 2016లోనే గోదాములో ఎగరేసి చూపించింది. సెకనుకి 30 ఫొటోలు తీస్తుందని, మనుషులకి నెల పట్టే లెక్క ఒక్క రోజులో అవుతుందని చెప్పింది. హైదరాబాదులో ఐకియా దుకాణం ఉంది గదా, ఆ కంపెనీకి యూరప్‌లో ఉన్న కొన్ని గోదాముల్లో పని లేని వేళ డ్రోన్లు వాటంతటవే లేచి అరలు చూసి వస్తాయి. పైకప్పు కింద ఉపగ్రహం సిగ్నల్ సరిగా అందదు కాబట్టి కెమెరాలు, సెన్సార్లతోనే దారి చూసుకుంటాయి. చూసిందాన్ని కంప్యూటర్లో ఉన్న పద్దుతో సరిపోల్చి తేడా చెబుతాయి.

ఇక్కడే ఆగాం. తేడా చెబుతుంది సరే, ఎందుకొచ్చిందో చెప్పదు. సగం ఖాళీ అయిన కందిపప్పు బస్తాలో ఎన్ని కిలోలున్నాయో ఫొటోకి తెలియదు. ముందు వరుస ప్యాకెట్ల వెనక తేదీ దాటినవి ఉంటే అవీ కనపడవు.

ఈ సంవత్సరం మనకి జరిగింది దాచకుండా చెప్పాలి. పెనుగంచిప్రోలు తిరునాళ్ళకని బెల్లం, కొబ్బరికాయలు, పసుపు, కుంకుమ బాగా దింపుకున్నాం. తిరునాళ్ళయ్యాక లెక్క చూస్తే బెల్లం తగ్గింది. కౌంటర్లో కూర్చునే అక్కని మీటింగులో అందరి ముందూ నిలబెట్టి అడిగాం. ఆమె ఏమీ మాట్లాడలేదు. తాళాలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

తర్వాత బిల్లులన్నీ వరసగా పరుచుకు కూర్చుంటే తెలిసింది. ఒకే బెల్లం బిల్లు స్టాక్ రిజిస్టర్లో రెండుసార్లు ఎక్కింది. ఆటో వచ్చిన రోజు ఒకసారి, డబ్బు కట్టిన రోజు ఇంకోసారి. రాని సరుకు పోయిందని ఒక మనిషిని అడిగామన్నమాట. ఆ రోజు పైన డ్రోను తిరుగుతున్నా "బెల్లం తక్కువ" అనే చెప్పేది, మేమూ ఆమెనే నిలదీసేవాళ్ళం.

ఇంటికెళ్ళి తప్పయిందని చెప్పాం. ఇంకో మీటింగులో, అదే అందరి ముందూ చెప్పి మినిట్స్‌లో రాయించాం. ఆమె పొదుపు మీటింగుకి వస్తోంది. దుకాణానికి మాత్రం రానంటోంది. బలవంతం చేసే మొహం మాకు లేదు.

అందుకని డ్రోను మాట ప్రస్తుతానికి పక్కన పెట్టాం. ఎత్తయిన అరలు, వేల పెట్టెలు ఉన్న చోట దానికి విలువ. మనదొక్క గది. ఇక నుంచి సరుకు దిగిన రోజే బిల్లు ఎక్కించాలి, ఎక్కించిన బిల్లు మీద ముద్ర వేయాలి. డబ్బు కట్టింది క్యాష్ బుక్‌లోనే రాయాలి. వారానికోసారి, రిజిస్టర్ రాయని ఇద్దరు సభ్యులు వచ్చి తూకం వేసి, ఎంచి చూస్తారు. తేడా వస్తే ముందు బిల్లులు చూడాలి, తర్వాతే మనుషుల్ని అడగాలి.

ఎంచడానికి వంతులు వేయాలి. వచ్చేవాళ్ళు ఇవాళ భోజనాలకి లేచేలోపు మీ వీఓఏ దగ్గర పేరు ఇవ్వండి. చదువు రాకపోయినా ఫర్వాలేదమ్మా, తూకం చూడటం వస్తే చాలు.