లేచి వెళ్లి మాట్లాడే వీలుందా?

(పుప్పాలగూడలో ఉద్యోగినుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలైనప్పుడు పుప్పాలగూడ ఒక పల్లె. ఇవాళ ఈ చుట్టుపక్కల ఆఫీసుల్లో పనిచేసే ఇంజనీర్లూ, ఆ ఆఫీసులనే తుడిచే అక్కలూ ఈ హాల్లో పక్కపక్కన కూర్చున్నారు. ఉద్యోగంలో ఒత్తిడి గురించీ, తోటివారి ఆసరా గురించీ మాట్లాడమన్నారు. (ఆసరా అంటే మన దగ్గర 2014లో వచ్చిన పింఛను గుర్తొస్తుంది. నేను చెప్పేది అది కాదు.)

కంపెనీలు ఒత్తిడిని అసలు పట్టించుకోవడం లేదని అనను. యోగా తరగతులు పెడుతున్నాయి, కౌన్సెలింగ్‌కు ఫోన్ నంబరు ఇస్తున్నాయి. అవి కొందరికి పనికొస్తాయి కూడా. కానీ వాటి వెనక ఒక నమ్మకం ఉంది: ఒత్తిడి ఆ మనిషి మనసులో ఉంది, ఆమె గట్టిపడితే చాలు. 2024లో పుణేలో ఉద్యోగంలో చేరిన కొన్ని నెలలకే ఒక యువ చార్టర్డ్ అకౌంటెంట్ చనిపోయింది. పనిభారం గురించి తల్లి రాసిన ఉత్తరం బయటికొచ్చాక కూడా, పిల్లలకు మనోబలం నేర్పాలన్న సలహాలు విన్నాం.

1979లో రాబర్ట్ కరాసెక్ దీన్ని తిరగేసి చూశాడు. పని ఎక్కువై, దాన్ని ఎలా చేయాలో నిర్ణయించుకునే అధికారం లేనప్పుడే మనిషి నలిగిపోతుందన్నాడు. 1988లో జెఫ్రీ జాన్సన్, ఎలెన్ హాల్ దీనికి మూడో అంశం కలిపారు. స్వీడన్‌లో 13,779 మంది స్త్రీ పురుష ఉద్యోగుల వివరాలు పరిశీలిస్తే, పనిభారం ఎక్కువగా ఉండి, అధికారమూ తోటివారి ఆసరా తక్కువగా ఉన్నవాళ్లలో గుండె, రక్తనాళాల జబ్బులు ఎక్కువగా కనిపించాయి. ఒక్కసారి చేసిన సర్వేతో ఏది కారణమో తేలదు, నిజమే. నన్ను ఆకట్టుకున్నవి వాళ్ల ప్రశ్నలు. 'మీకు బాధ కలిగితే ఓదార్చేవారున్నారా' అని కాదు. విరామంలో తోటివారితో మాట్లాడగలరా? పని మధ్యలో లేచి వెళ్లి మాట్లాడే వీలుందా? బయట కలుసుకుంటారా?

ఈ ప్రశ్నలే హౌస్‌కీపింగ్ చేసే ఒకామెను అడిగాను. "ఇద్దరం జర దగ్గరైతే ఫ్లోర్ మారుస్తరు మేడమ్. ముచ్చట్లు పెడుతున్నమంట" అంది. టిఫిన్ డబ్బా విప్పేది మెట్ల కింద, ఒక్కతే. ఇక్కడ ఆసరా లేకపోవడం ఎవరి స్వభావమూ కాదు, సూపర్‌వైజర్ చేసిన ఏర్పాటు.

ఇంజనీర్లకు కుర్చీలున్నాయి, క్యాంటీన్ ఉంది. కానీ టీములో ఇంతమందికే మంచి రేటింగ్ అని ముందే కోటా పెడితే, పక్క అమ్మాయి పని నేను అందుకుంటే ఎవరికి లాభం? అయినా అందుకుంటారు. బిడ్డకు జ్వరమొచ్చిన రాత్రి తన డ్యూటీని స్నేహితురాలు చేసిందని ఒకామె చెప్పింది. ఆ సాయం స్నేహితురాలి అప్రైజల్‌లో ఎక్కడా కనిపించలేదు. ఇంట్లో లెక్కకు రాని చాకిరీ లాంటిదే ఇదీ. ఆసరా ఇవ్వడం కూడా శ్రమేనని, అదీ ఎక్కువగా స్త్రీల మీదే పడుతుందని మనం గట్టిగా అనాలి. 2020లో పని ఇంటికి వచ్చినప్పుడు ఆ కాస్త తోడూ పోయింది. క్యాబ్‌లో పంచుకునే ఆ గంట లేదు, కళ్లు ఎర్రబడితే గమనించే పక్క సీటు లేదు. కుక్కరు విజిళ్ల మధ్య మేనేజర్ గొంతు మాత్రం ఉంది.

ఒక జాగ్రత్త. తోడు ఉంటే చాలని యాజమాన్యాలు అనడానికి మన మాటలు వాడుకోనివ్వకూడదు. ఇద్దరి పని ఒకరికిచ్చి స్నేహంగా ఉండమంటే అది ఆసరా కాదు. మనుషుల్ని పెంచాలి. 50 మంది, అంతకు మించి ఉన్నచోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని 2017 సవరణ చెప్పింది, 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ మాట ఉంది. దాన్ని అడగాలి.

లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం కాంట్రాక్టరు ద్వారా వచ్చిన వాళ్లనూ ఉద్యోగులుగానే గుర్తిస్తుంది. 10 మంది ఉన్న ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి, అందులో ఒక బయటి సభ్యురాలు తప్పనిసరిగా ఉండాలి, ఆమె స్త్రీల కోసం పనిచేసే సంస్థల నుంచి రావచ్చు. మీలో కొందరు అలా వెళ్తున్నారు. ఈసారి వెళ్లినప్పుడు కాన్ఫరెన్సు గదిలో ఇచ్చిన కాఫీ తాగి వచ్చేయకండి. తుడిచే అక్కలకు ఆ కమిటీలో ఎవరున్నారో తెలుసా అని అడగండి, వాళ్లు అన్నం ఎక్కడ తింటారో చూపించమనండి. ఇవాళ్టి చర్చ కూడా అక్కడి నుంచే మొదలుపెడదాం: మీ ఆఫీసులో వాళ్లు ఎక్కడ తింటారు?