కోటగోడల లోపల మన ఊళ్ళ పేర్లు
(మహాసభలలో చేసిన ప్రసంగ పాఠం)



వేసవి వచ్చిందంటే బ్రిటన్‌లో ఉన్న మన ఇళ్ళల్లో ఒక ఆనవాయితీ ఉంది. ఇండియా నుంచి అమ్మానాన్నలో, అత్తమామలో వస్తారు. వాళ్ళని కారెక్కించుకుని ఏదో ఒక కోటకో, ప్యాలెస్‌కో తీసుకెళ్తాం. గేటు ముందు ఒక ఫోటో, తోటలో ఒక ఫోటో, డబ్బాలో తెచ్చుకున్న పులిహోర, ఆపైన తిరుగు ప్రయాణం. "ఎంతైనా దొరల ఇళ్ళు దొరల ఇళ్ళే" అంటారు పెద్దవాళ్ళు. పిల్లలకి ఐస్‌క్రీం ఒక్కటే గుర్తుంటుంది.

నేను మనవి చేసేది ఒకటే. ఆ ఇళ్ళు మనకి పూర్తిగా పరాయివి కావు. లోపల మనవాళ్ళ చేతిపని ఉంది, మన నేలలో పుట్టిన సొత్తు ఉంది. కాస్త ఆగి చూస్తే కనిపిస్తుంది.

లండన్ పక్కనే ట్వికెన్‌హామ్‌లో స్ట్రాబెరీ హిల్ అనే తెల్లటి భవనం ఉంది. 18వ శతాబ్దంలో హొరేస్ వాల్‌పోల్ అనే రచయిత కట్టించుకున్నాడు. పాత ఇంగ్లండు వస్తువులంటే ఆయనకి ప్రాణం. చెక్కడపు పని ఉన్న నల్లటి ఎబొనీ కుర్చీలు కొని, అవి ట్యూడర్ రాజుల నాటివని నమ్మాడు. ఆయనతో పాటు చాలామంది చాలా కాలం అలాగే నమ్మారు. తీరా పరిశోధకులు తేల్చిందేమిటంటే, అలాంటి కుర్చీలు 17వ శతాబ్దంలో కోరమాండల్ తీరంలో, అంటే మన కోస్తా, తమిళ తీరం కలిసిన ప్రాంతంలో వడ్రంగులు చేసినవి!

ఇంకొకటి వినండి. 1781లో మూడో జార్జి రాజు తన రాణి షార్లెట్ కోసం వేలంపాటలో దంతపు కుర్చీలు కొన్నాడు. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ గారి సామాను అది. చందనపు చెక్క మీద ఏనుగు దంతం తాపిన ఆ కుర్చీలు తయారైంది మన విశాఖపట్నంలో. ఇప్పటికీ బ్రిటిష్ రాజకుటుంబ సేకరణలో ఉన్నాయి. కొన్న రాజు పేరు, సామాను యజమాని పేరు రికార్డుల్లో భద్రంగా ఉన్నాయి. ఉలి పట్టినవాడి పేరు మాత్రం లేదు.

పడకగదుల్లో మంచాల చుట్టూ వేలాడే పూలపూల పరదాలు చూడండి. చింట్జ్ అంటారు. మచిలీపట్నం రేవు నుంచి ఓడలెక్కిన మన అద్దకం గుడ్డలు ఆ రోజుల్లో ఎంత గిరాకీ తెచ్చుకున్నాయంటే, అక్కడి నేతగాళ్ళు బతకలేమని మొరపెట్టుకున్నారు. ఫ్రాన్స్ 1686లో నిషేధించింది. ఇంగ్లండు 1721లో అద్దకం నూలుబట్టలు కట్టుకోవడం, ఇంట్లో వాడటం నేరమని చట్టం చేసింది. అయినా మోజు ఆగలేదు.

ఇక వజ్రం. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిన రాయిని 1702లో మద్రాసు గవర్నరు థామస్ పిట్ కొన్నాడు. సానపట్టించి 1717లో ఫ్రాన్స్ రాజప్రతినిధికి అమ్మాడు. ఆ డబ్బుతో కార్న్‌వాల్‌లో బొకొనోక్ ఎస్టేటు కొన్నాడు. ఆయన మనవడు, ముని మనవడు ఇద్దరూ బ్రిటన్ ప్రధానమంత్రులయ్యారు! ఆ ముని మనవడు తెచ్చిందే 1784 నాటి పిట్స్ ఇండియా చట్టం. వజ్రం పేరు రీజెంట్, సుమారు 140 క్యారెట్లు. ఒకప్పటి రాజభవనమైన పారిస్ లూవ్ర్‌కి చేరింది. 2025 అక్టోబరులో అక్కడ నగల దొంగతనం జరిగినా ఇది పోలేదు. చూడాలనుకుంటే ముందుగా ప్రదర్శనలో ఉందో లేదో కనుక్కుని వెళ్ళండి. కొల్లూరు గనులున్న చోటు పులిచింతల జలాశయంలో మునిగిపోయింది.

వేల్స్‌లో పోవిస్ కోట సంగతి వేరు. రాబర్ట్ క్లైవ్ కొడుకు ఎడ్వర్డ్ ఆ వంశంలో పిల్లని చేసుకున్నాడు. 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నరు ఆయనే. 1799లో శ్రీరంగపట్నం పడింది, టిప్పు సుల్తాన్ గుడారం ఆ కోటకి చేరింది. మరుసటి ఏడే నిజాం దత్తమండలాలను కంపెనీకి ధారపోశాడు. కడప, అనంతపురం మిత్రులారా, మీ తాతముత్తాతలు ఎవరికి శిస్తు కట్టాలో మారిపోయింది ఆయన హయాంలోనే.

పిల్లలకి ఇదంతా ఎలా చెప్పాలి? "అంతా దోచుకున్నారు" అనేస్తే ఒక్క మాటలో అయిపోతుంది. "ఎంత భద్రంగా దాచారో" అనడమూ అంతే సులువు. కానీ దంతపు కుర్చీ, కొల్లూరు వజ్రం, టిప్పు గుడారం ఒకే దారిన రాలేదు. ఒకటి చేయించుకున్నది, ఒకటి బేరమాడి కొన్నది, ఒకటి యుద్ధంలో పట్టుకున్నది. అందుకని ప్రతి వస్తువు దగ్గరా మూడు ప్రశ్నలు అడగమనండి: ఎవరు చేశారు? ఎవరు డబ్బిచ్చారు? ఇక్కడికి ఎలా వచ్చింది?

చాలా ఇళ్ళల్లో గదికొక వాలంటీరు కూర్చుని ఉంటారు. ఎక్కువమంది రిటైరైన పెద్దవాళ్ళు, అడిగితే సంతోషంగా చెబుతారు. "మద్రాసు నుంచి వచ్చినవి ఏమున్నాయండీ?" అని అడగండి. చీటీల మీద విజగపటం, మసులిపటం, గోల్కొండ అన్న పాత పేర్లు వెతకండి. నేషనల్ ట్రస్ట్ వారే 2020లో తమ ఆస్తుల్లో 93 చోట్లకి వలసపాలనతోనో, బానిస వ్యాపారంతోనో సంబంధం ఉందని నివేదిక ప్రచురించారు. కాబట్టి అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

మన పిల్లలు ఈ దేశంలోనే పుట్టారు. ఈ కోటల చరిత్ర వాళ్ళ స్కూలు పాఠం కూడా. "ఈ కుర్చీ మా అమ్మమ్మ ఊళ్ళో చేశారు" అని ఒక్క బిడ్డ ఆ గదిలో నిలబడి చెప్పగలిగితే, పేరు లేకుండా పోయిన ఆ వడ్రంగికి ఊరి పేరైనా తిరిగి దక్కుతుంది. ఈసారి పులిహోర డబ్బాతో పాటు ఆ మూడు ప్రశ్నలు కూడా వెంట తీసుకెళ్ళండి.