అడవికి ఓనర్ ఎవరైతే ఏంటి?

మాట్లాడేది పర్ణశాల నుంచే గానీ, ఈరోజు టాపిక్ హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలి.

1974లో సెంట్రల్ యూనివర్సిటీ పెట్టినప్పుడు దాదాపు 2,300 ఎకరాలు కేటాయించారు. కానీ ఆ భూమి యూనివర్సిటీ పేరు మీదకి మారలేదు. అందులో 400 ఎకరాల్ని 2004లో ప్రభుత్వం ఒక క్రీడా సంస్థకి ఇచ్చింది, 2006లో రద్దు చేసింది. కేసు నడిచి నడిచి 2024లో ప్రభుత్వమే గెలిచింది.

ఈ ఇరవై ఏళ్లలో చుట్టూ ఐటీ ఆఫీసులు లేచాయి. ఈ 400 ఎకరాల్లో మాత్రం చెట్లు పెరిగాయి, జింకలు, నెమళ్లు తిరిగాయి.

2025 మార్చి 30, ఉగాది రోజు, బుల్డోజర్లు దిగాయి. అడ్డుపడ్డ విద్యార్థుల్ని పోలీసులు తీసుకెళ్లారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంది. అప్పటికే దాదాపు 100 ఎకరాలు చదునైపోయాయి.

"భూమి మాది" అంటుంది ప్రభుత్వం. సరే, కాగితం ఉంది. కానీ 1996లో గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందేంటంటే, చూడ్డానికి అడవైతే అది అడవే. ఓనర్ ఎవరైనా సరే, కేంద్రం అనుమతి లేకుండా నరకకూడదు.

మా ఏజెన్సీలో పోడు రైతు తరాలుగా దున్నుకుంటున్నా, పట్టా లేకపోతే ఫారెస్టోళ్లు వచ్చి "ఇది అడవి" అని ఆపుతారు. మరి సిటీలో ప్రభుత్వమే ఓనరైతే రూల్ మారిపోతుందా?

మీ క్యాంపస్‌లోనూ ఇలాంటి చెట్ల జాగా ఉందా? అది రికార్డుల్లో ఏమని రాసుందో ఒకసారి కనుక్కోండి. బుల్డోజర్ వచ్చాక కాదు, ఇప్పుడే.