వాన కాల్వ మోరీ కాదు



వాన పడ్డప్పుడల్లా హైదరాబాద్‌లో ఏ రోడ్డు మునిగిందో మాట్లాడుకుంటాం. ఆ నీళ్లు ఏం మోసుకుని, ఏ చెరువులోకి పోయాయో మాత్రం అడగం. ఇవాళ ఆ ముచ్చటే చెప్పుకుందాం.

మొదటి వాన ఊరిని కడుగుతుంది. రోడ్ల మీది ఆయిలు, టైర్ల పొడి, మెకానిక్ షెడ్ల ముందటి గ్రీజు, చెత్తకుప్పల మురికి అంతా నాలాలో పడుతుంది. అందులో అప్పటికే మన ఇళ్ల మురుగు పారుతుంటుంది. వాన కాల్వకూ మోరీకీ తేడా లేకుండా చేశాం.

హుస్సేన్‌సాగర్‌నే చూడండి. ఒకప్పుడు నగరానికి మంచినీళ్లిచ్చిన చెరువు. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు అందులోకే వస్తాయి. మామూలు రోజుల్లో మురుగును అడ్డుకుని పక్కకు మళ్లిస్తారు. గట్టి వాన పడితే ఆ అడ్డు ఆగదు. వాననీళ్లు, మురుగు కలిసి సాగర్‌లో దుంకుతాయి. ఇక చెరువు ఒడ్డున ఎన్ని కోట్లు పోస్తే ఏం లాభం? కట్టడి నీళ్లు పారే మొదట్లోనే జరగాలి.

చట్టాలు లేకనా? నీటి కాలుష్య చట్టం 1974లోనే వచ్చింది. 2012 నాటి 168 జీవో ప్రకారం 10 మీటర్లకు మించిన నాలా పక్కన 9 మీటర్లు, చిన్న నాలా పక్కన 2 మీటర్లు ఖాళీగా వదలాలి. ఆ జాగాలో మట్టి, గడ్డి ఉంటే నీళ్లను వడగడతాయి. ఎన్నో చోట్ల అక్కడ గోడలు లేచాయి.

గండిపేట, హిమాయత్‌సాగర్ నిండేది చుట్టూ నేల మీద పారి వచ్చే వాననీటితోనే. అందుకే 1996లో 111 జీవో 10 కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, కాలనీలను వద్దన్నది. 2022లో 69 జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేశారు. అక్కడా కాంక్రీటు పరిస్తే, సాగర్‌కు పట్టిన గతి గండిపేటకు పట్టదని ఎవరు హామీ ఇస్తారు?

మనం అడగాల్సినవి మూడే. మురుగుకు వేరే పైపు, వానకు వేరే కాల్వ. నాలా పక్కన వదలాల్సిన జాగా నాలాకే. ప్రతి ఇంట్లో, ప్రతి ఆఫీసులో ఇంకుడు గుంత. అడిగే ముందు మన ఇంటి మోరీ ఎందులో కలుస్తుందో మనమే చూసుకుందాం. అప్పుడే గట్టిగా అడిగే హక్కు మనకుంటుంది!