కిరాణా కొట్టు - పిల్లల ఆరోగ్యం

(మహిళా సంఘం సమావేశంలో ఒక ఆరోగ్య కార్యకర్త మాట్లాడిన మాటలు)

అక్కలారా! చెల్లెళ్ళారా!

ఒక మాట అడుగుతాను. మన ఊరి కొట్లో కూల్ డ్రింకు దొరుకుతుందా? దొరుకుతుంది. బిడ్డకు విరేచనాలైతే తాగించే ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్ దొరుకుతుందా? ఎప్పుడైనా అడిగి చూశారా?

ఆఫ్రికాలో జాంబియా అనే దేశం ఉంది. అక్కడి పల్లెల్లో కోలా సీసా దొరికేది. విరేచనాల మందు దొరికేది కాదు. ఆస్పత్రి దూరం. అక్కడికి నడిచేలోగా బిడ్డ ఒంట్లో నీరంతా పోయేది.

సైమన్ బెర్రీ అనే ఆయన, ఆయన భార్య ఒక ఆలోచన చేశారు. కోలా వచ్చే కొట్టుకు మందు ఎందుకు రాదు? 2012లో రెండు జిల్లాల్లో పని మొదలుపెట్టారు. చిన్న డబ్బాలో ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, జింకు మాత్రలు, ఒక సబ్బు పెట్టారు. ఆ డబ్బాతోనే నీళ్ళు కొలుచుకోవచ్చు. తల్లులకు చీటీలు కూడా ఇచ్చారు.

కోలా పెట్టెల సందుల్లో డబ్బాలు పెట్టి పంపాలని మొదట అనుకున్నారు. ఆ అవసరమే పెద్దగా రాలేదు. అమ్మితే నాలుగు డబ్బులు మిగులుతాయని తెలిసి, కొట్లవాళ్ళే వెళ్ళి తెచ్చుకున్నారు.

అంతకుముందు విరేచనాలైన నూరుమంది పిల్లల్లో ఒక్కరికి కూడా ఓ.ఆర్.ఎస్., జింకు రెండూ అందేవి కావు. ఏడాదిలో 45 మందికి అందాయి!

ఇక మన సంగతి. ఆశా కార్యకర్త దగ్గర ఓ.ఆర్.ఎస్., జింకు ఉచితంగా ఇస్తారు. కానీ అర్ధరాత్రి అవసరమైతే? పక్కనే ఉన్న కొట్టు తలుపు తట్టొచ్చు.

లీటరు ప్యాకెట్ అయితే, పొడి మొత్తం ఒకేసారి లీటరు మంచినీళ్ళలో కలపాలి. నీళ్ళు కాచి చల్లార్చినవైతే మంచిది. చెంచాతో కొంచెం కొంచెంగా తాగించాలి. 24 గంటలు దాటితే పారబోయాలి. తల్లిపాలు ఆపకూడదు. కళ్ళు లోతుకు పోయినా, బిడ్డ మగతగా ఉన్నా, ఏమీ తాగలేకపోయినా, విరేచనంలో రక్తం పడినా వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి.

ఒక జాగ్రత్త. ఓ.ఆర్.ఎస్. పేరు పెట్టుకుని తియ్యని పానీయాలు అమ్మేవారు. వాటిలో చక్కెర ఎక్కువ. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి దీనిపై పోరాడారు. అలాంటి పానీయాలకు ఆ పేరు వాడకూడదని 2025లో ప్రభుత్వ ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. కాబట్టి పొడి ప్యాకెట్ అడగండి. దాని మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరు ఉందో లేదో చదవండి. ఇప్పుడు మనకు చదువు వచ్చు కదా!

అడగందే అమ్మయినా పెట్టదంటారు. రేపు ఉప్పుకో, పప్పుకో కొట్టుకు పోయినప్పుడు అడగండి. "అన్నా! ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు తెచ్చిపెట్టు. మేం కొంటాం" అనండి. ఒక్కరు అడిగితే నవ్వి ఊరుకుంటాడు. పదిమంది అడిగితే తప్పకుండా తెప్పిస్తాడు.

అడుగుతారు కదూ? సెలవు.