చెరువు పాచి చుట్టరికం

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో సాగర్ కాలువ నీటితో నింపుకొనే మంచినీటి చెరువుల్లో తేలే ఆకుపచ్చని పాచిని చేతిలోకి తీసుకుంటే, పట్టుదారాల్లా జారిపోయే ఆ పోగుల్లో తరచుగా కనిపించేది స్పైరోగైరా అనే శైవలం. సూక్ష్మదర్శిని కింద చూస్తే దాని కణంలో హరితరేణువు, అంటే సూర్యకాంతితో ఆహారం తయారుచేసే భాగం, రిబ్బనులా మెలితిరిగి ఉంటుంది. 1836లో ఐర్లండు శాస్త్రజ్ఞుడు హార్వే శైవలాలను ప్రధానంగా రంగును బట్టి విభజించాడు. క్లోరోఫిల్ ఎ, బి రెండూ కలిగి, పిండిపదార్థాన్ని హరితరేణువులోనే దాచుకొనే ఆకుపచ్చ శైవలాలను తరువాతి శాస్త్రజ్ఞులు కణనిర్మాణం, జన్యువుల ఆధారంగా క్లోరోఫైటా, స్ట్రెప్టోఫైటా అనే రెండు శాఖలుగా విడదీశారు. నేలమొక్కలన్నీ రెండో శాఖ నుంచే పుట్టాయని తేల్చిన ఈ సవరణ వృక్షశాస్త్రానికి ఎంతో విలువైనది. స్పైరోగైరా కూడా ఆ శాఖదే కనుక, అదే చెరువులో పెరిగే, మొదటి శాఖకు చెందిన క్లోరెల్లా అనే శైవలం కంటే గట్టు అవతలి పత్తి, మిరప మొక్కలే దానికి దగ్గరి చుట్టాలు.